నమోదు కాని తప్పు

ఏ ఉద్యోగానికి దరఖాస్తు గడువు ఎప్పుడు ముగుస్తోందో అశోక్‌నగర్‌లో ఉన్నవాళ్లు పేపరు చూసి తెలుసుకోనక్కర్లేదు. సాయంత్రం ఆరు దాటాక చౌరస్తా దగ్గర నెట్ సెంటర్ల ముందు ఓ పది నిమిషాలు నిలబడితే చాలు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ నుంచి పుస్తకాల సంచీతో నేరుగా వచ్చినవాళ్లు, హాస్టల్లో భోజనం గంట కొట్టినా వెళ్లనివాళ్లు, ఊళ్లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి కులధ్రువీకరణ పత్రం నంబరు చదివించుకుంటున్నవాళ్లు... అందరి కళ్లూ ఒక్క బటన్ మీదే. సబ్మిట్. అది నొక్కాక తెర మీద చిన్న చక్రం తిరుగుతుంది. ఆ చక్రం తిరిగినంతసేపూ కుర్చీలో ఉన్న మనిషి ఊపిరి కూడా బిగబట్టే ఉంటుంది.

చక్రం ఆగాక దరఖాస్తు నంబరు వస్తే సరే. ఒక్కోసారి నంబరు రాదు. 'క్షమించండి, సాంకేతిక కారణాల వల్ల మీ అభ్యర్థన పూర్తికాలేదు. కాసేపాగి ప్రయత్నించండి' అన్న మర్యాదపూర్వకమైన వాక్యం వస్తుంది. ఆ వెంటనే జేబులో ఫోన్ మోగుతుంది. ఫీజు డబ్బులు ఖాతాలోంచి పోయాయని బ్యాంకు ఎస్సెమ్మెస్!

2022లో ఒక సంస్థ ఉద్యోగాలకు దరఖాస్తు పెట్టిన ఓ అమ్మాయికి సరిగ్గా ఇదే జరిగింది. నల్గొండ జిల్లా నుంచి వచ్చి అశోక్‌నగర్‌లో ఓ హాస్టల్లో ఉంటూ చదువుకుంటోంది. గడువుకు ఒక రోజు ముందు ఫీజు కట్టింది, క్షమాపణ అందుకుంది. కాసేపాగి ప్రయత్నించింది. మళ్లీ ఫీజు, మళ్లీ క్షమాపణ. మూడోసారి కట్టడానికి ఖాతాలో డబ్బులేదు. మర్నాడంతా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తూనే ఉంది. చివరికి ఫోనెత్తిన మనిషి కంప్యూటర్‌లో చూసి చెప్పిన జవాబు: "మా సిస్టమ్‌లో ఎలాంటి ఎర్రరూ నమోదు కాలేదమ్మా. మీ దగ్గర నెట్ సరిగ్గా ఉండి ఉండదు."

అతను అబద్ధం చెప్పలేదు. నిజంగానే నమోదు కాలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

ఆ వెబ్‌సైటు బాగోగులు చూసే చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థలో పనిచేసే ఇంజినీరు ఒకామె చిక్కడపల్లిలో ఉంటుంది. అమీర్‌పేటలో జావా నేర్చుకుని ఉద్యోగంలో చేరి పదిహేనేళ్లయింది. కొవిడ్ తర్వాత సగం రోజులు ఇంట్లోంచే పని. ఇలాంటి ఫిర్యాదులు పది పన్నెండు పోగయ్యాక వాటిని ఆమెకు అప్పగించారు. 'పరిశీలించి, లోపమేమీ లేదని జవాబు పంపగలరు' అని కూడా ఆ మెయిల్లో రాశారు. అంటే జవాబు ముందే సిద్ధం, పరిశీలనే తరువాయి!

ఇక్కడ కంప్యూటర్ తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. వెబ్‌సైటు వెనక నడిచే ప్రోగ్రామ్ తను చేసే పనుల్ని ఓ ఫైల్లో రాసుకుంటూ పోతుంది. ఫలానా సమయానికి ఫలానా పని మొదలుపెట్టాను, ఫలానా చోట ఆగిపోయాను, కారణమిది... అని. దాన్నే లాగ్ అంటారు. పూర్వం సముద్రంలో ఓడ ఎంత వేగంతో పోతోందో తెలుసుకోవడానికి తాడు కట్టిన చెక్కముక్కను నీళ్లలోకి విసిరేవారు. ఆ చెక్క పేరు లాగ్. తాడు ఎంత సాగిందో చూసి పుస్తకంలో రాసేవారు కాబట్టి అది లాగ్‌బుక్ అయింది. అక్కణ్నుంచి విమానాలకూ కరెంటు సబ్‌స్టేషన్లకూ కంప్యూటర్లకూ వచ్చింది.

సబ్‌స్టేషన్ సంగతి ఆమెకు చిన్నప్పుడే తెలుసు. వాళ్ల నాన్న విద్యుత్ శాఖలో ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాడు. గంట గంటకీ వోల్టేజి ఎంత, ఏ ఫీడర్ మీద లోడు ఎంత, ఎన్ని గంటలకు ట్రిప్పయింది, ఎన్నింటికి మళ్లీ ఇచ్చారు... అన్నీ లాగ్‌షీట్‌లో రాయాలి. 2000 ఆగస్టులో హైదరాబాద్‌లో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వర్షం కురిసి, హుస్సేన్‌సాగర్ మిగులు నీళ్లు పారే నాలా పొంగి లోయర్ ట్యాంక్ బండ్ కింది బస్తీలు మునిగినప్పుడు కూడా ఆయన బల్లమీద కాళ్లు పెట్టుకుని కూర్చుని, సరఫరా ఆపిన సమయం నిమిషాలతో సహా రాశాడట. ఇంట్లో అందరికీ కంఠతా వచ్చిన కథ అది.

ఆమె రాత్రి పదకొండింటికి కూడా లాప్‌టాప్ ముందే ఉండటం చూసి ఆయన అడిగాడు.

"ఏమ్మా, ఇంకా పడుకోలేదా?"

"ఏం జరిగిందో అంతుపట్టట్లేదు నాన్నా. లాగ్‌లో ఏమీ లేదు."

"ఏమీ లేదంటే? ఏమీ జరగలేదని రాసుందా? అసలేమీ రాసి లేదా?"

పెద్దాయనకు జావా తెలియదు. కానీ జావాలో పదిహేనేళ్లుగా పనిచేసేవాళ్లు కూడా ముందుగా వేసుకోని ప్రశ్న అది. సబ్‌స్టేషన్లో ఏమీ జరగని గంటకు కూడా ఓ గీత, ఓ అంకె, ఓ సంతకం ఉంటాయి. గడి ఖాళీగా ఉందంటే సరఫరా బాగుందని కాదు, రాయాల్సిన మనిషి కుర్చీలో లేడని. కంప్యూటర్ దగ్గరకు వచ్చేసరికి అందరం ఖాళీ గడిని చూసి 'అంతా బాగుంది' అనుకుంటాం.

వెతకడం మొదలైంది. ఆ ప్రోగ్రామ్ టామ్‌క్యాట్ అనే సర్వర్ మీద నడుస్తుంది. జావా వెబ్‌సైట్లకు బాగా వాడుకలో ఉన్న ఉచిత సర్వర్ అది. దాని అలవాటేమిటంటే, అన్నీ ఒకే పుస్తకంలో రాయదు. 'కాటలినా' పేరుతో ఒక ఫైలు, 'లోకల్‌హోస్ట్' పేరుతో ఇంకో ఫైలు, వచ్చి పోయేవాళ్ల వివరాలకు 'యాక్సెస్ లాగ్' అని మరొకటి. చాలామంది మొదటిదొక్కటే తెరిచి చూసి, ఏమీ లేదని మూసేస్తారు. అసలు కారణం రెండో దాంట్లో ఉంటుంది. ఆమె అన్నీ తెరిచింది. తప్పు అన్న మాటే ఎక్కడా లేదు.

ఇంకో దురలవాటు మనుషులది. సైటు మొరాయించగానే ఎవరో ఒకరు సర్వర్‌ని ఆపి మళ్లీ మొదలుపెడతారు. డిస్కు నిండిపోయిందని లాగ్ ఫైలు చెరిపేస్తారు. లైనక్స్ యంత్రాల్లో నడుస్తున్న ప్రోగ్రామ్ తెరిచి ఉంచిన ఫైలును చెరిపేస్తే పేరు మాత్రమే పోతుంది, ఫైలు పోదు. ప్రోగ్రామ్ ఆ పేరులేని ఫైల్లోనే రాసుకుంటూ ఉంటుంది. ఎక్కడ చూడాలో తెలిసినవాళ్లు దాన్ని బయటికి తీయగలరు కూడా. కానీ ఒక్కసారి ఆపి మొదలుపెడితే అదీ మాయం. దొంగతనం జరిగిన ఇంట్లో పోలీసులు వచ్చేలోపు అంట్లు తోమి, ఇల్లు అలికి, ముగ్గేసినట్టన్నమాట!

అయితే ఇక్కడ జరిగింది అది కూడా కాదు. ఆమె వెనక్కి తిరగేస్తూ పోతే ఒక విషయం కనబడింది. 2021 డిసెంబరు దాకా లాగ్‌లో రోజుకు వేల వాక్యాలున్నాయి. ఆ తర్వాత ఒక్కసారిగా పలచబడిపోయాయి.

ఆ నెల ఏం జరిగిందో సాఫ్ట్‌వేర్ వాళ్లెవరూ మరచిపోరు. జావా ప్రోగ్రాములు లాగ్ రాయడానికి వాడే పనిముట్లలో బాగా పేరున్నది లాగ్‌ఫోర్‌జె. స్విట్జర్లాండ్‌లో ఉండే జెకి గుల్జు దాని మూలకర్తల్లో ముఖ్యుడు. దాని రెండో తరం కూర్పులో ఘోరమైన లోపం ఉందని అలీబాబా క్లౌడ్ భద్రతా బృందానికి చెందిన చెన్ ఝావోజున్ 2021 నవంబరు 24న అపాచీ సంస్థకు తెలియజేశాడు. డిసెంబరు రెండో వారానికి అది ప్రపంచమంతా తెలిసిపోయింది. లోపమేమిటంటే, బయటివాళ్లు పంపిన ఒక ప్రత్యేకమైన మాటను లాగ్‌లో రాయబోయి, ఆ మాట చెప్పినట్టల్లా చేసేయడం. లెక్కలు రాయమని పెట్టుకున్న గుమాస్తా, ఎవరో చీటీ మీద 'తాళాలు ఇచ్చేయ్' అని రాస్తే దాన్ని పద్దులో ఎక్కించకుండా తాళాలు తీసి ఇచ్చేసినట్టు. తీవ్రత కొలిచే పట్టికలో దానికి పదికి పది వేశారు. మూడు వారాల్లో 2.15, 2.16, 2.17, 2.17.1... అంటూ దిద్దుబాట్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఆ క్రిస్మస్‌కి ఎన్ని ఊళ్లలో ఎంతమంది ఇంజినీర్లు నిద్ర మానుకున్నారో లెక్కలేదు.

ఈ సంస్థ అప్పటిదాకా మొదటి తరం లాగ్‌ఫోర్‌జెనే వాడుతోంది. నిజానికి 2015లోనే దాని ఆలనాపాలనా ఆగిపోయింది. అందరూ హడావుడి పడుతుంటే వీళ్లూ కంగారుపడి ఒక్క రాత్రిలో కొత్తదానికి మారిపోయారు. ఇంత చేసి ఒకటి మరచిపోయారు. ఏది రాయాలి, ఎక్కడ రాయాలి అని పాతదానికి ఓ ఫైల్లో చెప్పి పెట్టారు. కొత్తది ఆ పేరుతో ఉన్న ఫైలును తనంతట తాను చదవదు, దానికి వేరే పేరుతో ఉండాలి. ఏ ఆదేశమూ కనబడకపోతే అది గొడవ చేయదు. మరీ పెద్ద తప్పులు మాత్రమే తెరమీద రాసి, మిగతావి వదిలేస్తుంది. తాళాలు భద్రం చేయబోయి గుమాస్తా నోరు కుట్టేశారు! దీన్ని చాలామంది చిన్న పొరపాటుగా తీసేస్తారు గానీ, ఏడాదికి దగ్గర పడుతున్నా ఒక్కరూ గమనించలేదంటే, అన్నాళ్లూ ఎవరూ ఆ పుస్తకం తెరవలేదనేగా అర్థం?

ఆమె ఆ ఆదేశాలు సరిచేసింది. లాగ్ మళ్లీ నిండడం మొదలైంది. కానీ ఆ అమ్మాయి పేరుతో, ఆమె పెట్టినట్టే దరఖాస్తు పెట్టి చూస్తే మళ్లీ అదే క్షమాపణ. లాగ్‌లో మళ్లీ అదే నిశ్శబ్దం. చిన్న తప్పుల సంగతి సరే, ఇంత పెద్దది కూడా రాయడం లేదంటే దాన్ని ఎవరో మధ్యలోనే మింగేస్తున్నారన్నమాట.

ఆఫీసులో పైవాళ్లు విసుక్కున్నారు. "లాగ్‌లో లేనిదాన్ని ఎందుకు తవ్వుతున్నావు?" అని. ఆ మాట ఎంతదూరం పోగలదో బ్రిటన్‌లో తెలిసొచ్చింది. అక్కడి పోస్టాఫీసుల్లో 1999లో 'హొరైజన్' అనే కంప్యూటర్ వ్యవస్థ పెట్టారు. అది లెక్కల్లో తేడా చూపిస్తే, యంత్రం తప్పు చేయదు కాబట్టి మనిషే దొంగ అన్నారు. 2015 దాకా 900 మందికి పైగా సబ్‌పోస్ట్‌మాస్టర్లను, వాళ్లలాంటి చిరు ఉద్యోగుల్ని కోర్టులు దోషులుగా తేల్చాయి. కొందరు జైలుకు వెళ్లారు, కొందరు ఇళ్లు అమ్ముకున్నారు. ఆ వ్యవస్థలో లోపాలున్నాయని 2019లో అక్కడి హైకోర్టు తేల్చింది. ఆ శిక్షల్ని మూకుమ్మడిగా రద్దు చేయడానికి 2024లో పార్లమెంటు చట్టమే చేయాల్సి వచ్చింది. అన్నాళ్లూ బాధితుల్లో చాలామందికి దొరికిన జవాబు ఒక్కటే, ఇంకెవరికీ రాని ఇబ్బంది మీకే వచ్చిందా అని.

అంతదూరం ఎందుకు? నమోదు లేకపోతే ఏమవుతుందో అశోక్‌నగర్‌కి ఆ మరుసటి ఏడాదే తెలిసింది. 2023 జూన్ 11న జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్‌లో అభ్యర్థుల బయోమెట్రిక్ నమోదు చేయలేదన్నది ముఖ్య కారణంగా ఆ సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు పరీక్షనే రద్దు చేసింది. అంతకుముందు 2022 అక్టోబరులో రాసింది ప్రశ్నపత్రాల లీకుతో రద్దయింది. అవి రెండూ రాసినవాళ్లు ఇప్పటికీ ఆ వీధుల్లో కనబడతారు.

సరే, మన కథకు వద్దాం. శనివారం పొద్దున ఆమె నడుచుకుంటూ అశోక్‌నగర్‌లో ఆ అమ్మాయి దరఖాస్తు పెట్టిన నెట్ సెంటర్‌కి వెళ్లింది. ఇంటికి పావుగంట దూరం. యజమాని బల్ల కింద నుంచి పొడుగాటి లెడ్జర్ తీశాడు. సైబర్ కేఫ్‌లకు 2011లో వచ్చిన నిబంధనల ప్రకారం ఎవరొచ్చారు, ఏ గుర్తింపు కార్డు చూపించారు, ఎన్నింటికి కూర్చున్నారు, ఎన్నింటికి లేచారు అన్నది రాసి కనీసం ఏడాది దాచాలి. ఈయన ఇంకో అడుగు ముందుకేసి, పక్కన తన సొంత మాటలు కూడా రాసుకునేవాడు. ఆ అమ్మాయి పేరు పక్కన ఉంది: '8.40 ఫీజు పోయింది, నంబర్ రాలే. 8.55 మళ్లీ అట్లనే.'

"ఇదెందుకు రాసుకున్నారన్నా?" అని ఆమె అడిగింది.

"రేపు పైసలు పోయినయని వస్తే నా మీదికి వస్తరు గదమ్మా" అన్నాడాయన.

లక్షలు పెట్టి నడిపే సర్వర్లో లేని సంగతి, రూళ్ల పుస్తకంలో నీలం ఇంకుతో ఉంది. ఆ పేజీ జిరాక్సుకు మాత్రం రెండు రూపాయలు తీసుకున్నాడు.

ఇప్పుడు ఆమె చేతిలో రెండు సమయాలున్నాయి. యాక్సెస్ లాగ్ తెరిచింది. అందులో పేర్లుండవు. ఎక్కణ్నుంచి వచ్చారు, ఎప్పుడొచ్చారు, ఏ పేజీ అడిగారు, ఫలితమేమిటి, ఎన్ని బైట్లు పంపాం... అంతే. 8.40కి ఆ నెట్ సెంటర్ చిరునామాతో ఒక వరుస ఉంది. ఫలితం దగ్గర 200 అని ఉంది. వెబ్ భాషలో 200 అంటే 'క్షేమంగా పూర్తయింది' అని. సర్వర్ లోపమైతే 500 అని ఉండాలి. అంటే క్షమాపణ పేజీని విజయవంతంగా చూపించాం కాబట్టి అంతా క్షేమమే అని లెక్క! 8.55 వరుసలోనూ 200. కానీ చివరి అంకె దగ్గర ఆమె కళ్లు ఆగిపోయాయి. రెండు చోట్లా 1,842 బైట్లు.

దరఖాస్తు సరిగ్గా వెళ్తే వచ్చే పేజీలో అభ్యర్థి పేరు, చిరునామా, నంబరు ఉంటాయి. పేరు పొడుగును బట్టి బైట్లు మారతాయి. ఒకరికి వచ్చినన్ని ఇంకొకరికి రావడం అరుదు. క్షమాపణ పేజీలో ఎవరి పేరూ ఉండదు. అందరికీ అవే మాటలు. కాబట్టి ఎప్పుడైనా అన్నే బైట్లు. ఆమె 1,842 ఉన్న వరుసలన్నీ ఏరింది. గంటలవారీగా, రోజులవారీగా, పేజీలకు పేజీలు! పది పన్నెండు మంది ఫిర్యాదు చేశారంటే జరిగింది పది పన్నెండు మందికే అనుకున్నారు. చాలామంది మళ్లీ మళ్లీ ప్రయత్నించి, రెండుసార్లు ఫీజు కట్టి, ఎలాగో గట్టెక్కి ఊరుకున్నారు. మనవాళ్లకు ఇదేమైనా కొత్తా?

ఇక మింగేస్తున్నదెవరో చూడాలి. ఫీజు కట్టాక నడిచే భాగాన్ని ఆమె వరుస వరుసా చదివింది. జావాలో ఒక కట్టుబాటు ఉంది. ఫైలు తెరవడంలాంటి పనులు చేసేటప్పుడు, అవి విఫలమైతే ఏం చేయాలో ముందే చెప్పకపోతే ప్రోగ్రామ్‌ని తయారే కానివ్వదు. దానికోసం 'క్యాచ్' అని ఓ గది కట్టాలి. విఫలమైనప్పుడు ఆ గదిలో రాసినట్టు చేస్తుంది. గది ఉందా లేదా అనే చూస్తుంది తప్ప, గదిలో ఏముందో జావా చూడదు. అందుకని పని తొందరలో ఉన్నవాళ్లు ఖాళీ గది కట్టి వదిలేస్తారు. జాషువా బ్లాక్ 2001లో వచ్చిన తన 'ఎఫెక్టివ్ జావా' పుస్తకంలో ఈ అలవాటును అగ్నిప్రమాదపు గంట మోగుతుంటే పట్టించుకోకపోగా, ఇంకెవరికీ వినబడకుండా దాన్ని ఆపేయడంతో పోల్చాడు. జావా నేర్పే ప్రతిచోటా ఈ మాట చెబుతారు. రాసేటప్పుడు గుర్తుండదు.

ఇక్కడా అదే. రసీదు మీద వేయడానికి ఫోటో ఫైలు తెరిచేచోట ఒక క్యాచ్. ఫోటో దొరకకపోతే పట్టుకోవడానికని కట్టింది. కానీ 'ఏ తప్పు వచ్చినా సరే' అని విశాలంగా కట్టారు. లోపల ఒక్క వరుస కూడా లేదు. 'తర్వాత చూడాలి' అన్న వ్యాఖ్య మాత్రం ఉంది. ఎవరు రాశారో చూస్తే, ఆ మనిషి ఉద్యోగం మానేసి చాలా ఏళ్లయింది. రాసిన సమయం రాత్రి 1.20. మర్నాడు సైటు మొదలవ్వాల్సిన రోజు. ఆమె ఆ పేరు ఎవరికీ చెప్పలేదు.

ఆ ఖాళీ గదిలో ఒక్క వరుస చేర్చి, తప్పేదో లాగ్‌లో రాయమంది. మళ్లీ ఆ అమ్మాయి పేరుతోనే దరఖాస్తు పెట్టింది. ఈసారి లాగ్ మాట్లాడింది. ఫోటో బాగానే ఉంది. ఆగిపోయింది పేరు దగ్గర!

రసీదు మీద ఇంటిపేరు ఒకచోట, పేరు ఒకచోట రావాలి. అందుకని ప్రోగ్రామ్ పూర్తి పేరును ఖాళీ ఉన్నచోట రెండు ముక్కలు చేస్తుంది. కానీ మన సర్టిఫికెట్లలో పేర్లెలా ఉంటాయి? ఇంటిపేరు పొడి అక్షరం, చుక్క, ఆ పక్కనే పేరు. మధ్యలో ఖాళీ వదలాలని ఎవరికి పట్టింది! ఖాళీ లేకపోతే ముక్క ఒక్కటే అవుతుంది. రెండో ముక్క కోసం చూసిన ప్రోగ్రామ్ కూలబడుతుంది. రసీదు తయారైతేనే దరఖాస్తు భద్రమవుతుంది కాబట్టి, దరఖాస్తూ పోతుంది. ఫీజు అంతకుముందే వెళ్లిపోయి ఉంటుంది.

అన్నిటికన్నా బాధ కలిగించేది దరఖాస్తు పైన ఎర్ర అక్షరాల్లో ఉన్న సూచన. 'పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నది ఉన్నట్టుగా పేరు రాయవలెను.' తోచినట్టు ఖాళీ వదిలి రాసినవాళ్లందరూ గట్టెక్కారు. చెప్పినమాట అక్షరాలా విన్నవాళ్లే ఆగిపోయారు.

ఆ చుక్క సంగతి సరిచేయడానికి ఆమెకు పది నిమిషాలు పట్టింది. పేర్ల జాబితాకు మాత్రం నాలుగు రోజులు. 1,842 బైట్ల వరుసల సమయాలను, ఫీజు వసూలు చేసే సంస్థ దగ్గరున్న చెల్లింపుల సమయాలతో ఒక్కొక్కటే జోడించుకుంటూ వెళ్లింది. ఫీజు కట్టి, చివరిదాకా నంబరు రానివాళ్లు నలభై మందికి పైనే తేలారు. నెట్ సెంటర్ పేజీ జిరాక్సుతో సహా అవన్నీ పైకి పంపింది. వాళ్లు తటపటాయించారు గానీ, అంకెలు ఎదురుగా ఉన్నాయి. చివరికి ఉద్యోగాలు ప్రకటించిన సంస్థ, జాబితాలో ఉన్నవాళ్లు మళ్లీ దరఖాస్తు పెట్టుకోవడానికి రెండు రోజులు గడువిచ్చింది. హాస్టల్లో ఉన్న ఆ అమ్మాయికి ఫోన్ వెళ్లింది. 'ఈసారి పేరు ఎట్ల రాయాలి?' అన్నది ఆ పిల్ల అడిగిన మొదటి ప్రశ్న.

సర్వర్లో యాక్సెస్ లాగ్ ముప్ఫై రోజులే ఉంటుంది. ఆ తర్వాత దానంతట అదే చెరిగిపోతుంది. దరఖాస్తులు మొదలై అప్పటికి నలభై రోజులు దాటింది. మొదటి రోజుల్లో, గడువు దాకా ఆగకుండా జాగ్రత్తగా ముందే ఫీజు కట్టినవాళ్ల వరుసలు లేవు. వాళ్లలో దరఖాస్తు పూర్తికానివాళ్లెవరో, వేరే కారణంతో మానుకున్నవాళ్లెవరో ఇక విడదీయడం కుదరదు. ఆమె పంపిన జాబితాలో ఆ రోజులకు కూడా గడులున్నాయి. ఖాళీగా వదల్లేదు. ఒక్కో తేదీ ఎదురుగా 'తెలియదు' అని రాసింది.